‘ఇడ్సిపెట్టిన’ - అక్క చెప్పిన అర్థం

మంగళవారం పొద్దున పదకొండు గంటలప్పుడు పెద్దమ్మాయి ఫోన్ చేసింది. “మామా, అమ్మ పోయింది” అంది. ఆ వెనకే ఇట్లా అంది: “నువ్వు దవాఖానకు రాకు. ఇంటికాడ చెల్లె ఒక్కతే ఉన్నది, దానికి ఇంక చెప్పలె. నువ్వు పోయి చెప్పు. జర మెల్లగ చెప్పు మామా, నీ మీటింగుల చెప్పినట్టు చెప్పకు.”

నేను మెల్లగానే చెప్పాను. ఈ పత్రికలో నా మాటలు ఇంతకుముందు చదివినవాళ్లకు నా గొంతు ఎట్లాంటిదో తెలుసు. ఇది మాత్రం ఆ గొంతుతో రాయను. రాస్తే ఆమెకు నచ్చదు.

పోయినామె నా పక్కింటి అక్క. మాకు రక్తసంబంధం లేదు, మతం కూడా ఒకటి కాదు. శంషాబాద్‌లో మా గల్లీలో పద్దెనిమిదేళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్న కిరాయి ఇళ్లలో బతికాం. నేను ఏడో తరగతిలో బడి మానినవాడిని. చదవడం రాయడం పరిశుద్ధ గ్రంథం నుంచే నేర్చుకున్నాను. ఏ కాలేజీ నన్ను బోధకుణ్ని చేయలేదు. వారమంతా ఆటో నడిపి, ఆదివారం రేకుల షెడ్డులో వాక్యం చెబుతాను. గ్రంథం ఎప్పుడూ చంకలో ఉంటుంది గనుక అక్క నన్ను ‘పుస్తకం తమ్మి’ అనేది. ఆమెను నా సంఘంలోకి రమ్మని మొదట్లో చాలా సార్లు పిలిచాను. “నీ దేవునికి కావాలంటే ఓటేస్త తమ్మి, బోనం మాత్రం మా తల్లికే ఎత్తుత” అని నవ్వేది. తర్వాత పిలవడం మానేశాను.

ఆమెది సేద్యం చేసే ఇల్లు. భర్త చనిపోయాక ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి కుదిరింది. ఇద్దరు ఆడపిల్లలు. చాయ్ పూర్తిగా చల్లారాకే తాగేది. వేడిగా ఉంటే ఎవరో తొందరపెట్టినట్టు ఉంటుందట. ఎవరు ఏం చెప్పినా వెంటనే తలాడించేది కాదు. “మళ్లొక్కసారి చెప్పు” అనేది. దుకాణంలో ధర చెప్పినా అంతే, డాక్టరు మందు చెప్పినా అంతే. తెలియనివాళ్లు ఆమెకు వినికిడి తక్కువేమో అనుకునేవారు. ఆ అలవాటు ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. అది ఎట్లా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పన్నెండేళ్ల కిందటి ఎండాకాలం. బడులకు సెలవులు. అక్క రోజూ పొద్దున పిల్లలిద్దరినీ షేర్ ఆటోలో జల్‌పల్లి తీసుకుపోయి, తన వదిన ఇంట్లో దింపి, డ్యూటీ అయ్యాక సాయంత్రం తెచ్చుకునేది. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. ఒకరోజు ఆ వదిన తల్లికి ఉన్నట్టుండి పానం బాగాలేక, పిల్లలను పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్లింది. పిల్లలు అక్కడ ఉండలేక అమ్మ దగ్గరికి పోదామని నడక మొదలుపెట్టారు. ఎయిర్‌పోర్టు దారిలో, ఫ్లైఓవర్ కింద నడుస్తుంటే ఎవరో చూసి పోలీసులకు చెప్పారు. పోలీసులు వాళ్లను తీసుకుపోయి పిల్లల హోంలో పెట్టారు. అందులో ఎవరి తప్పూ లేదు. రోడ్డు మీద దొరికిన పిల్లలను ఎవరైనా కాపాడాల్సిందే.

మూడు రోజుల తర్వాత పిల్లల సంక్షేమ ఆఫీసు నుంచి ఒక మేడం విచారణకు మా గల్లీకి వచ్చింది. చిన్న వయసు, కోస్తా వైపు మాట. చెడ్డది కాదు. అక్క గడపలో నిలబడింది, ఇరుగుపొరుగు చుట్టూ చేరారు.

“ఆ రోజు పిల్లలు మీ దగ్గర ఎందుకు లేరండీ?” అని మేడం అడిగింది.

“మా వదిన కాడ ఇడ్సిపెట్టిన మేడం. డ్యూటీ ఉండె.”

“ఇడ్సి... ఏమన్నారు?”

అక్క మళ్లీ అదే మాట అంది. మేడంకు అర్థం కాలేదు. గల్లీవాళ్లంతా నా వైపు చూశారు, చదువు తెలిసినవాణ్ని నేనే కదా. గ్రంథం చేతిలోనే ఉంది. “విడిచిపెట్టాను అంటోందమ్మా” అన్నాను. ఒక మోటు మాటను దిద్ది ఇచ్చినట్టు, కొంచెం గర్వంగానే అన్నాను.

“విడిచిపెట్టారా?” అని మేడం అక్కను అడిగింది.

“ఆ, ఇడ్సిపెట్టిన” అంది అక్క.

మేడం రాసుకుంది. రాసింది ఎవరూ చదివి వినిపించలేదు. అక్క తన పేరు రాయగలదు గనుక రాసింది. కింద సాక్షిగా నేను పెద్ద అక్షరాలతో సంతకం చేశాను.

మా దిక్కు మాట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పిల్లను బడి దగ్గర దింపి వస్తే ఇడ్సిపెట్టి వచ్చినట్టు. చుట్టాన్ని బస్టాండులో బస్సెక్కించి వస్తే ఇడ్సిపెట్టి వచ్చినట్టు. మళ్లీ తెచ్చుకుంటాం, మళ్లీ వస్తారు అన్నది ఆ మాటలోనే ఉంటుంది. నేను అక్షరాలు నేర్చిన గ్రంథపు తెలుగులో విడిచిపెట్టుట అంటే వేరు. అది పాపమును విడిచిపెట్టుట, తండ్రిని విడిచిపెట్టుట, దేవుడు జనమును విడిచిపెట్టుట. అందులో తిరిగి తెచ్చుకోవడం లేదు. మా నాయన కూడా నన్ను బడి కాడ ఇడ్సిపెట్టినవాడే. ఆ మాట నాకు తెలియనిది కాదు. ఆ సాయంత్రం తట్టలేదు, అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఆదివారం నేను వాక్యం తీసింది తల్లుల మీద. కన్న తల్లి మరిచినా తాను మరవనని దేవుడు చెప్పిన చోటు తెరిచి, నలభై నిమిషాలు నిప్పులు కురిపించాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది, గల్లీ అంతా అర్థం చేసుకుంది. రేకుల షెడ్డుకు గోడలు పలుచన. అక్క తన ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా విన్నది.

నెల తర్వాత అక్కను పిల్లల సంక్షేమ కమిటీ ముందుకు పిలిచారు. నన్ను తోడు రమ్మంది. ఆ ఆదివారం ఆమె విన్నదాని గురించి నేను ఒక్క మాట అడగలేదు, ఆమె చెప్పలేదు.

కమిటీలో ఒక పెద్దమనిషి కాగితం చూసి, “పిల్లలను విడిచిపెట్టానని మీరే ఒప్పుకున్నారు కదమ్మా” అన్నాడు.

“ఒప్పుకునుడేంది సారు? ఇడ్సిపెట్టిన గని...”

“మళ్లీ అదే అంటున్నారు.”

“అదే సారు, ఇడ్సిపెట్టిన. ఇడ్సిపెట్టకుంట డ్యూటీకి ఎట్ల పోత?”

ఆమె ఎంత విడమరిచి చెబితే వాళ్లకు అంత ఒప్పుకున్నట్టు వినిపించింది. ఆ గదిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆ రోజు పిల్లలు ఇంటికి రాలేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాక అక్క కాగితం నకలు నా చేతిలో పెట్టి చదవమంది. ‘తల్లి తన పిల్లలను విడిచిపెట్టినట్లు స్వయంగా అంగీకరించినది’ అని ఉంది. కింద నా సంతకం. నాకు అప్పుడు అర్థమైంది. ఆమెకు చెప్పలేదు. “ఏదో రాశారు అక్కా, మళ్లీ పిలుస్తారట” అన్నాను. అట్లా రెండు ఆదివారాలు గడిపాను. ఆ రెండు ఆదివారాలూ ఏం బోధించానో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

మూడో వారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాను. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

“అక్కా, ఆ మాట నేను ఇచ్చిందే” అన్నాను.

“ఏ మాట?”

మొత్తం చెప్పాను. రెండు తెలుగుల సంగతి, నా గర్వం, సంతకం, మెట్ల మీద దాచింది, అన్నీ. ఆమె మధ్యలో ఆపి, “మళ్లొక్కసారి చెప్పు” అంది. ఆ మాట ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి. మళ్లీ చెప్పాను. చాట కింద పెట్టింది.

“నీ పుస్తకంల గట్ల ఉంటది గావచ్చు. మా ఇంట్ల గట్ల ఉండదు” అంది. నా కళ్లలో నీళ్లు చూసి, “నువ్వు ఏడిస్తే నాకేమొస్తది తమ్మి? అంగీ ఏసుకో, పోదాం పా” అంది.

రెండోసారి కమిటీ ముందు నేను లేచి నిలబడ్డాను. అలవాటు చావదు. తండ్రీ తల్లీ అని మొదలుపెట్టి, న్యాయాధిపతుల గురించి గొంతు ఎత్తబోయాను. అక్క నా అంగీ అంచు పట్టి లాగింది. “గిది నీ మందిరం కాదు. ఒక్క మాట చెప్పి కూసో” అంది. ఒక్క మాట చెప్పి కూర్చున్నాను: ఆమె అన్న మాటకు అర్థం దింపి రావడం, వదిలేయడం కాదు, తప్పుగా చెప్పింది నేను. మళ్లీ విచారణ జరిగింది, జల్‌పల్లి వెళ్లి వదినను అడిగారు. అన్నీ కలిసి పిల్లలు ఇల్లు చేరేసరికి ఏడు నెలలు.

వచ్చిన మొదటి రోజు చిన్నది తన ఇంట్లోనే, తన అమ్మనే, “నీళ్లు తాగొచ్చా?” అని అడిగింది. గోడ ఇవతల నుంచి విన్నాను. అక్క జవాబు వినపడలేదు. ఆ వదినతో అక్క తాను చనిపోయేదాకా మాట్లాడలేదు. వదినది తప్పు కాదని నేను ఎన్నోసార్లు చెప్పాను. “తెలుసు” అనేది. అయినా మాట్లాడలేదు. ఆమెలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి, అందులో ఇది ఒకటి.

ఐదేళ్లు గడిచాయి. ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఒక పెద్ద మేడం, పిల్లలను పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్న కుటుంబాలను పిలిచి, పని ఎట్లా మార్చాలో వాళ్లనే అడుగుదామని అనుకుంది. రాజేంద్రనగర్‌లో ఒక హాలులో మీటింగు. అక్కకూ పిలుపు వచ్చింది. ఆటో నాదే గనుక నేనూ వెళ్లాను.

ముందు వరుసల్లో ఆఫీసువాళ్లు, వెనక కుటుంబాలు. ఒక్కొక్కరినీ లేపి అనుభవం చెప్పమన్నారు. ఒకామె చెబుతూ ఏడ్చింది, చప్పట్లు కొట్టారు. ఇంకొకాయన ఏడ్చాడు, చప్పట్లు కొట్టారు. అక్క వంతు వచ్చింది.

“ఏడ్పులు ఇన్నరు. ఇగ పని మాట ఇంటరా?” అంది.

పెద్ద మేడం, “చెప్పండమ్మా” అంది.

“ఈడికెల్లి చెప్తే మీరు మెడలు తిప్పి చూడాలె. కుర్చీ ముందట ఏస్తే కూసోని చెప్త.”

కుర్చీ వేశారు. కూర్చుని రెండు మాటలు చెప్పింది. ఇంటికి తనిఖీకి వచ్చినప్పుడు బియ్యం డబ్బా మూత తీసి చూస్తున్నారు, తీసే ముందు ఇంటామెను అడగాలి. “మా బియ్యం మీరు చూడుర్రి, వద్దంటలేను. గని మూత మేం తీస్తం.” కుటుంబాల వైపు నుంచి ఎవరో ఫక్కున నవ్వారు, ఆఫీసువాళ్లలో కూడా ఇద్దరు నవ్వారు. రెండోది చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. “మేం చెప్పింది మీరు రాసుకుంటరు. రాసింది మాకు సదివి ఇనిపియ్యాలె. మేం అన్న మాట మేం అన్నట్టే ముందు రాయాలె, మీ మాట దాని ఎనుక రాసుకోర్రి. మేం ‘ఆ’ అన్నంకనే సంతకం.”

సమయం సరిపోదన్నారు. ఫారంలో అంత జాగా లేదన్నారు. యాస రాస్తే పై ఆఫీసులో నవ్వుతారన్నారు. అక్క అన్నిటికీ ఒకటే అంది: “ఏడు నెలల కన్న ఎక్కువ పడుతదా సదువుడుకు?”

అది ఆ రోజే అయిన పని కాదు. రెండు నెలలకొకసారి మీటింగు. డ్యూటీ మార్చుకుని, జీతం కోత పడినా ప్రతిసారీ వెళ్లేది. బడంగ్‌పేట్ నుంచి ఒక తాత, ఇంకా ముగ్గురు తల్లులు ఆమె వెంట చేరారు. పిల్లలు ఇంకా హోంలో ఉన్నవాళ్లు వస్తే అక్క ముందు అడిగేది వాళ్లు తిన్నారా అని. రెండోది, “నీ కాగితంల ఏం రాసుందో నీకు ఎర్కేనా?” అని. చాలామందికి తెలియదు. నా చేత చదివించేది. “నీ అర్థం కలపకు తమ్మి, ఉన్నది ఉన్నట్టు సదువు” అని ప్రతిసారీ హెచ్చరించేది. సంకెళ్లు విప్పడం గురించి నేను షెడ్డులో పాతికేళ్లుగా అరిచాను. ఆమె ఒక్కొక్క కాగితం పట్టుకుని విప్పింది. మూడో ఏడు నుంచి మా దగ్గరి ఆఫీసులో రాసింది చదివి వినిపించడం మొదలైంది. కలం పట్టుకున్న ప్రతివాడికీ, నాతో సహా, చెబుతున్నాను: పేదవాడి నోటి మాటను దిద్దే ముందు చేయి వణకాలి. వణకని చేతిని దేవుడు కూడా నమ్మడు.

అయితే ఆమె కేసు కాగితంలో ఆ మాట అట్లాగే ఉంది. పిల్లలు ఇంటికి వచ్చినా, ఆ వాక్యం ఫైలులో ఉంది. అదొక్కటే అక్కను నిద్రపోనివ్వలేదు. “పెద్దయినంక ఆళ్ల ఫైలు ఆళ్లు అడిగి సూడొచ్చంట కద. మా పెద్దదానికి సదువు మీద పానం. ఎన్నటికైన సూస్తది. అమ్మ ఇడ్సిపెట్టిందని ఉంటే?” అనేది. పెద్దదానికి ఆ ఏడు నెలలు బాగా గుర్తు. అక్క భయం నాకు అర్థమయ్యేది: గుర్తున్న ఏడు నెలలకు పక్కన ఆ ఒక్క మాట పడితే, పిల్ల దేన్ని నమ్ముతుంది?

మాట కొట్టేయమని అర్జీ పెట్టింది. పాత రికార్డులో కొట్టివేత కుదరదన్నారు. మళ్లీ పెట్టింది. నేను రాసిచ్చాను, ఆమె చెప్పింది చెప్పినట్టు. అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకునేది. చివరికి, కొట్టివేయడం కుదరదు గాని ఆమె వివరణ రాసి ఆ కాగితం పక్కనే జత చేయవచ్చు అన్నారు. పోయిన నెల కొత్త మేడం ఒకామె ఇంటికి వచ్చి రాసుకుంది. రాశాక చదివి వినిపించింది. అక్క మంచం మీద పడుకునే, “మళ్లొక్కసారి చెప్పు” అంది. మేడం మళ్లీ చదివింది. పై ఆఫీసరు సంతకం అయ్యాకే దాన్ని ఫైలులో పెడతారట. ఆ సంతకం అయిందన్న కబురు ఆమె పోయిన తొమ్మిదో రోజు వచ్చింది.

పెద్దమ్మాయికి ఇప్పుడు ఇరవై ఒక్కటి. ఫైలు సంగతి అప్పటిదాకా ఆమెకు తెలియదు, అక్క చెప్పనివ్వలేదు. కబురు వచ్చాక ఆమెను ఆఫీసుకు తీసుకుపోతూ, దారిలో ఆటో ఆపి నేనే చెప్పాను. ఆ మాట ఎవరిచ్చారో కూడా చెప్పాను. ఆమె నా ముఖం చూడలేదు, రోడ్డు చూస్తూ కూర్చుంది. “పోనియ్యి మామా” అంది. పోనియ్యమన్నది ఆటోనా, జరిగిపోయినదాన్నా అని నేను అడగలేదు. ఆటో పోనిచ్చాను.

ఆఫీసులో కొత్త మేడం ఫైలు తెరిచి, “మీరు చదువుకుంటారా?” అంది. “మీరు సదవండి మేడం, నేను ఇంట” అంది పెద్దమ్మాయి. మేడం మొదట పాత కాగితం చదివింది, నా సంతకం దాకా. తర్వాత జత చేసిన కాగితం తిప్పింది. కోస్తా నాలుకకు ఆ మాటలు కొత్త, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. “నా బిడ్డలను మా వదిన కాడ... విడ్సి...”

“‘వి’ కాదు మేడం. ‘ఇ’. ఇడ్సిపెట్టి.”

“సారీ అమ్మా. ఇడ్సిపెట్టి, డ్యూటీకి పోయిన. డ్యూటీ దిగినంక తోల్కపోదామని...”

అప్పుడే పైన విమానం దిగుతోంది. ఆ మోతలో మేడం గొంతు వినపడలేదు. ఆమె ఆపి, చదువుతున్న చోట వేలు పెట్టుకుని, మోత పోయేదాకా ఆగింది. కిటికీ అద్దాలు కుదురుకున్నాయి. పెద్దమ్మాయి కుర్చీని కొంచెం ముందుకు జరుపుకుంది. మేడం వేలిని వెనక్కి తెచ్చి, మొదటి మాట నుంచి మళ్లీ మొదలుపెట్టింది.